ఎముకల సంచి మోసిన డాక్టర్

ఆస్టియోపతి. ఈ మాట ఈమధ్య క్లినిక్‌ల బోర్డుల మీద, ఫోన్‌లో రీల్స్‌లో తరచుగా కనిపిస్తోంది. మెడ పట్టుకుని టక్కున తిప్పుతారు. వీపు మీద నొక్కితే టిక్కుమని చప్పుడొస్తుంది. పేషెంట్ నవ్వుకుంటూ లేచి కూర్చుంటాడు. అది చూసిన బైపీసీ విద్యార్థికి రెండు డౌట్లు వస్తాయి. ఇది నిజంగా వైద్యమేనా? చదివితే ఉద్యోగం దొరుకుతుందా? రెండింటికీ జవాబు చెప్పాలంటే ముందు ఒక మనిషి కథ తెలియాలి. ఈ వైద్యంలో ఉన్న బలమూ, బలహీనతా రెండూ ఆయన జీవితంలోంచే వచ్చాయి. ఆయన పేరు ఆండ్రూ టేలర్ స్టిల్. 45 ఏళ్ల వయసులో ఉన్న ఊరు వదులుకుని, 60 దాటాక కాలేజీ పెట్టిన మనిషి.

స్టిల్ 1828 ఆగస్టు 6న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, కొండల మధ్య ఒక దుంగల ఇంట్లో పుట్టాడు. తొమ్మిది మంది పిల్లల్లో మూడోవాడు. తండ్రి ఏబ్రమ్ స్టిల్ మెథడిస్టు చర్చి బోధకుడు, వైద్యుడు కూడా. మన పల్లెల్లో ఒకప్పుడు ఒకే మనిషి పంచాంగం చెప్పి, అదే చేత్తో మందు కూడా ఇచ్చేవాడు చూడండి, అట్లన్నమాట. గుర్రం మీద ఊరూరా తిరిగేవాడు. బదిలీ ఎటొస్తే కుటుంబం అటు. వర్జీనియా నుంచి టెన్నెసీ, అక్కడి నుంచి 1837లో మిస్సోరి. బడి చదువు ముక్కలు ముక్కలుగానే సాగింది.

చిన్నప్పటి ఒక సంగతి ఆయన పెద్దయ్యాక కూడా చెప్పుకున్నాడు. పదేళ్ల వయసులో తలనొప్పి విపరీతంగా వచ్చేది. ఒకరోజు రెండు చెట్ల మధ్య తాడుతో ఉయ్యాల కట్టుకున్నాడు. ఊగితే నొప్పి ఎక్కువైంది. తాడును నేలకు జానెడు ఎత్తు దాకా దించి, దాని మీద దుప్పటి వేసి, మెడను ఆ తాడుకు ఆనించి పడుకున్నాడు. నిద్రపట్టింది. లేచేసరికి నొప్పి లేదు. తర్వాత ఎప్పుడు తలనొప్పి వచ్చినా అదే పని చేసేవాడు. ఎందుకు తగ్గిందో అప్పుడు తెలియలేదు. మెడకూ తలనొప్పికీ సంబంధం ఉందన్న మాట మాత్రం బుర్రలో ఉండిపోయింది. ఈ సంగతి మనకు కొత్తేం కాదు. నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తన్నించుకునే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. తేడా ఒక్కటే. ఆ పిల్లాడు దాన్ని పట్టుకుని జీవితమంతా ఆలోచించాడు.

అడవిలో వేటకు పోయేవాడు. జింకో, ఉడతో దొరికితే చర్మం తీసి ఊరుకునేవాడు కాదు. కండ ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంది, నరం ఎటు పోతోంది, రక్తనాళం ఏ ఎముక పక్క నుంచి దిగుతోంది అని విప్పి చూసేవాడు. అనాటమీలో ఆయనకు మొదటి లాబ్ అదే.

1849లో మేరీ వాన్‌ను పెళ్లి చేసుకున్నాడు. 60 ఎకరాల్లో మక్క వేశాడు. పైరు నిలబడింది. జులై 4న మధ్యాహ్నం మబ్బు పట్టి వడగళ్లు పడ్డాయి. సాయంత్రానికి చేలో ఒక్క కర్ర నిలబడలేదు. కోతకొచ్చిన మక్క మీద, పిందె మీదున్న మామిడి మీద రాళ్లవాన పడితే ఏమవుతుందో జగిత్యాల, కరీంనగర్ రైతుబిడ్డలకు వేరే చెప్పక్కర్లేదు. ఆ శీతాకాలం నెలకు 15 డాలర్ల జీతానికి బడిపంతులుగా పనిచేశాడు.

1853లో తండ్రి దగ్గరకే, కాన్సాస్ ప్రాంతానికి చేరాడు. తండ్రి అక్కడ షానీ అనే ఆదివాసీ తెగ మధ్య మిషనరీ. పగలు పొలం దున్నడం, రంపపు మిల్లు నడపడం, రోగులొస్తే తండ్రి పక్కన నిలబడి వైద్యం నేర్చుకోవడం. ఆ రోజుల్లో అమెరికా పల్లెల్లో డాక్టర్ కావడానికి డిగ్రీ తప్పనిసరి కాదు. పెద్ద డాక్టర్ వెంట తిరిగి నేర్చుకుంటే చాలు. ఎముకల గురించి తెలుసుకోవాలన్న తపనతో స్టిల్ ఆదివాసుల సమాధులు తవ్వి అస్థిపంజరాలు తెచ్చుకున్నాడు. ఆ సంగతి తనే రాసుకున్నాడు. ఇవాళైతే అది నేరం. అప్పుడైనా తప్పే. మా ఆదిలాబాద్ గుట్టల్లో సమాధులు తవ్వుకుపోతే ఊరుకుంటారా? గొప్పవాళ్ల కథలు చెప్పేటప్పుడు ఇలాంటివి దాచడం మంచిది కాదు.

అప్పటి కాన్సాస్ నిప్పుల మీద ఉంది. బానిసత్వం ఉండాలా వద్దా అని ఊళ్లు రెండుగా చీలి కొట్టుకుంటున్నాయి. స్టిల్ కుటుంబం బానిసత్వానికి వ్యతిరేకం. 1857లో ఆయన అక్కడి శాసనసభకు ఎన్నికయ్యాడు. బాల్డ్‌విన్ అనే ఊళ్లో బేకర్ యూనివర్సిటీ కడుతుంటే ఆ కుటుంబం భూమి ఇచ్చింది, మిల్లులో కలప కోసి ఇచ్చింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. 1861లో అంతర్యుద్ధం మొదలయ్యాక ఉత్తరాది సైన్యంలో చేరాడు. సైనిక ఆస్పత్రిలో పనిచేశాడు, తర్వాత మేజర్ హోదా దాకా వెళ్లాడు.

1864

ఆయన జీవితాన్ని తిప్పేసింది యుద్ధం కాదు. 1864లో కాన్సాస్‌లో మెనింజైటిస్ వ్యాపించింది. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే పొరలకు వచ్చే ఇన్‌ఫెక్షన్ అది. ఇంట్లో ముగ్గురు పిల్లలు పోయారు. ఇద్దరు సొంత పిల్లలు, ఒకరు పెంచుకున్న బిడ్డ. మొదటి భార్య 1859లోనే చనిపోయింది. ఆయన స్వయంగా డాక్టర్. పిలిస్తే వచ్చిన డాక్టర్లూ మంచివాళ్లే, తెలిసినవన్నీ చేశారు. ఒక్క బిడ్డా దక్కలేదు.

అప్పటి మందులేమిటో తెలిస్తే ఆయన కోపం అర్థమవుతుంది. కాలొమెల్ అంటే పాదరసం కలిసిన మందు. అది పడితే చిగుళ్లు వాచి పళ్లూడిపోయేవి. నొప్పికి నల్లమందు. జ్వరానికి నరం కోసి రక్తం తీయడం. దేనికైనా విస్కీ. వీటితో తగ్గినవాళ్లకన్నా దెబ్బతిన్నవాళ్లు తక్కువేం కాదు. వీటి మీద స్టిల్‌కు నమ్మకం పోయింది. మనిషి శరీరం ఒక యంత్రం, దాన్ని సరిగా అమరిస్తే తన రిపేరు తనే చేసుకుంటుంది అన్న ఆలోచన మొదలైంది. ఆయనకు యంత్రాల పిచ్చి కూడా ఉండేది. వెన్న చిలికే యంత్రానికి మార్పులు చేసి అమ్మడానికి ఊళ్లు తిరిగాడు. గిలక ఎక్కడ ఇరుక్కుంటే తాడు ఎక్కడ బిగుస్తుందో చూసే కళ్లతోనే వెన్నెముకను చూశాడు.

తర్వాత పదేళ్లు ఎముకలే లోకం. సంచిలో ఎముకలు వేసుకుని తిరిగేవాడు. చీకట్లో కూడా చేత్తో తడిమి ఇది ఏ ఎముక, కుడిదా ఎడమదా అని చెప్పేవాడు. ఎముక పక్క నుంచి పోయే రక్తనాళం నొక్కుకుపోతే, నరం బిగుసుకుపోతే అక్కడ జబ్బు పుడుతుందని, ఆ పట్టు విడిపిస్తే శరీరం కోలుకుంటుందని నిర్ధారణకు వచ్చాడు. 1874 జూన్ 22న ఈ సిద్ధాంతాన్ని బయటపెట్టానని ఆయన తేదీతో సహా రాసుకున్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బేకర్ యూనివర్సిటీలో దీని మీద మాట్లాడతానని అడిగాడు. భూమి, కలప ఇచ్చిన కుటుంబం వాడే. అయినా తలుపు తెరవలేదు. చేతులతో రోగం తగ్గిస్తానంటున్నాడంటే ఇది దయ్యం పనేనని చర్చిలో ప్రచారం చేశారు. రోగులు రావడం మానేశారు. కాన్సాస్ వదిలి మిస్సోరిలో మేకన్ అనే ఊరికి పోయాడు. అక్కడ వీధిలో ఒక పేద తల్లి వెంట నడుస్తున్న పిల్లాడి కాళ్ల మీదుగా రక్తం కారడం చూశాడు. రక్త విరేచనాలు. చెయ్యి వేసి చూస్తే వీపు కాలిపోతోంది, పొట్ట చల్లగా ఉంది. బిగుసుకుపోయిన వీపు కండరాలను చేత్తో వదులు చేశాడు. మర్నాడు ఆ తల్లి వచ్చి తగ్గిందని చెప్పింది. అలాంటి పిల్లలు ఇంకా వచ్చారు. ఆ విరేచనాలు వాటంతటవే తగ్గాయా, ఆయన చెయ్యి వల్ల తగ్గాయా అన్నది ఇవాళ అడగాల్సిన ప్రశ్నే. అప్పట్లో దాన్ని పరీక్షించే పద్ధతి ఎవరి దగ్గరా లేదు.

1875లో కిర్క్స్‌విల్ చేరాడు. చిన్న టౌన్. చేతిలో డబ్బు లేదు. టైఫాయిడ్ వచ్చి నెలల తరబడి మంచాన పడ్డాడు. లేచాక పొట్ట కోసం ఊళ్లమ్మట తిరిగాడు. అయస్కాంత వైద్యుడినని ఒకసారి, మెరుపు వేగంతో ఎముకలు సరిచేస్తానని ఇంకోసారి బోర్డు పెట్టుకున్నాడు. ప్యాంటు బూట్లలోకి దోపుకుని, నలిగిన టోపీ, చేతిలో కర్ర, భుజాన సంచి. పిచ్చోడనుకున్నవాళ్లు చాలామంది. ఆస్టియోపతి అనే పేరు కూడా చాలా ఆలస్యంగా, 1880ల్లో పెట్టాడు. గ్రీకులో ఆస్టియాన్ అంటే ఎముక, పాథోస్ అంటే బాధ. నిజానికి ఈ పేరు కొంత తప్పుదారి పట్టిస్తుంది. వినగానే ఎముకల జబ్బు అనిపిస్తుంది. ఆయన ఉద్దేశం మాత్రం ఎముక దగ్గర మొదలుపెట్టి మొత్తం శరీరాన్ని చూడటం.

63 ఏళ్లకు కాలేజీ

పేరు మెల్లగా పాకింది. నడవలేనివాళ్లు బండ్లలో వచ్చి నడిచి వెళ్లారన్న మాటలు రైళ్లెక్కి దూరం పోయాయి. రోగులు పెరిగేసరికి ఒక్కడి చేతులు సరిపోలేదు. కొడుకులకు నేర్పాడు. అదీ చాలలేదు. 1892లో అమెరికన్ స్కూల్ ఆఫ్ ఆస్టియోపతికి అనుమతి తీసుకుని చిన్న చెక్క ఇంట్లో క్లాసులు మొదలుపెట్టాడు. మొదటి బ్యాచ్‌లో ఇరవై మంది పైచిలుకు. వాళ్లలో ఆయన సొంత పిల్లలూ ఉన్నారు, ఆడవాళ్లూ ఉన్నారు. చాలా మెడికల్ కాలేజీలు అమ్మాయిలను గేటు దగ్గరే ఆపేస్తున్న కాలం అది. ఇక్కడ మొదటి రోజు నుంచే వాళ్లకు సీటుంది.

పాఠం చెప్పడానికి దొరికిన లెక్చరర్ కథ ఇంకా బాగుంటుంది. విలియం స్మిత్ అనే స్కాట్లండ్ డాక్టర్, ఎడిన్‌బరోలో చదివినవాడు, వైద్య పరికరాలు అమ్ముకుంటూ కిర్క్స్‌విల్ వచ్చాడు. ఊళ్లో డాక్టర్లంతా స్టిల్‌ను తిడుతుంటే ఆ మోసగాడెవరో చూద్దామని వెళ్లాడు. గంటలకొద్దీ మాట్లాడుకున్నారు. చివరికి ఆయన దగ్గరే అనాటమీ పంతులుగా చేరిపోయాడు. స్టిల్ దగ్గర ఉన్నది చేతి నేర్పు, స్మిత్ దగ్గర ఉన్నది క్రమబద్ధమైన చదువు. స్మిత్ రాకపోతే ఆ స్కూలు ఒక కుటుంబ విద్యగానే మిగిలిపోయేదని నా అభిప్రాయం. మన దగ్గర ఎముకలు కట్టేవాళ్ల విషయంలో జరిగింది అదే. చిత్తూరు సీమలో పుత్తూరు కట్టు రాష్ట్రాలు దాటి పేరు తెచ్చుకుంది, అయినా విద్య కుటుంబాల్లోనే ఉండిపోయింది. సిలబస్, పరీక్ష, రిజిస్ట్రేషన్ దాకా రాలేదు.

ఆ కాలేజీకిచ్చిన అనుమతి ప్రకారం ఎండీ పట్టా ఇవ్వొచ్చు. స్టిల్ వద్దన్నాడు. డీవో అని వేరే పట్టా ఇచ్చాడు. ఎండీ అని రాస్తే చట్టం గొడవలు ఉండేవి కావు. ఆ మొండితనానికి విద్యార్థులు మూల్యం చెల్లించారు. పట్టా పుచ్చుకుని వేరే రాష్ట్రాలకు వెళ్లి ప్రాక్టీసు పెడితే లైసెన్సు లేదని కేసులు పెట్టారు. ఒక్కో రాష్ట్రంలో కొట్లాడి సాధించుకోవాల్సి వచ్చింది. 1896లో వెర్మాంట్ రాష్ట్రం మొదట ఒప్పుకుంది. సొంత రాష్ట్రం మిస్సోరిలో ఒకసారి గవర్నర్ బిల్లును తిప్పి పంపాక 1897లో గానీ చట్టం రాలేదు. 1901లో న్యూయార్క్ చట్టసభ ముందు రచయిత మార్క్ ట్వెయిన్ వచ్చి, తన శరీరానికి ఏ వైద్యం కావాలో తేల్చుకునే హక్కు తనదేనని వీళ్ల తరఫున వాదించాడు.

కిర్క్స్‌విల్ మారిపోయింది. రైళ్ల నిండా రోగులు. కొత్త హోటళ్లు, పెద్ద ఆస్పత్రి భవనం. ఒకప్పుడు ముఖం తిప్పుకున్న ఊరివాళ్లే ఆయన వేరే ఊరు వెళ్లిపోతాడేమోనని భయపడ్డారు. 1897లో ఆత్మకథ అచ్చువేశాడు. 1917 డిసెంబర్ 12న, 89 ఏళ్ల వయసులో ఆ ఊళ్లోనే చనిపోయాడు.

ఎక్కడ పొరబడ్డాడు

స్టిల్‌ను పొగిడి వదిలేస్తే కథ సగమే. మందులన్నీ విషమేనన్నాడు. పాదరసం, నల్లమందు విషయంలో ఆయన మాట నిజమే. కానీ ఆయన బతికుండగానే పాశ్చర్, కోచ్ సూక్ష్మజీవుల సంగతి తేల్చారు. డిఫ్తీరియాకు సీరం వచ్చింది. స్టిల్ మాత్రం టీకాలను కూడా వ్యతిరేకించాడు. వెన్నెముక సరిచేస్తే జ్వరాలూ, అంటువ్యాధులూ కూడా తగ్గుతాయనే చివరిదాకా నమ్మాడు. ఆయన పిల్లలను తీసుకుపోయిన మెనింజైటిస్‌కు జవాబు ఎముకల్లో దొరకలేదు. యాంటీబయోటిక్స్‌లో, టీకాల్లో దొరికింది. అది వచ్చేసరికి ఆయన లేడు.

ఆయన తర్వాత ఆయన విద్య రెండు దారులు పట్టింది. చాలామంది విద్యార్థులు కన్ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే. అమెరికాలో ఆస్టియోపతి కాలేజీలు మందులు, సర్జరీ అన్నీ సిలబస్‌లోకి తెచ్చుకున్నాయి. 1910లో వచ్చిన ఫ్లెక్స్‌నర్ నివేదిక వాటి నాణ్యతను కడిగేశాక మారక తప్పలేదు. 1973 నాటికి అన్ని రాష్ట్రాల్లో డీవోలకు ఎండీలతో సమానంగా పూర్తి హక్కులు వచ్చాయి. ఇవాళ అక్కడి వైద్య విద్యార్థుల్లో నాలుగో వంతు కన్నా ఎక్కువమంది డీవో చదువుతున్నవాళ్లే. అమెరికాలో మీ అన్నకు గుండె ఆపరేషన్ చేసిన సర్జన్ పేరు పక్కన డీవో అని ఉంటే భయపడక్కర్లేదు. ఆయన పూర్తి స్థాయి డాక్టరే.

రెండో దారి బ్రిటన్‌ది. స్టిల్ శిష్యుడు జాన్ మార్టిన్ లిటిల్‌జాన్ 1917లో లండన్‌లో స్కూలు పెట్టాడు. అక్కడా, యూరప్‌లో చాలా దేశాల్లోనూ ఆస్టియోపాత్ అంటే మందులు రాయని, చేతులతో మాత్రమే చికిత్స చేసే నిపుణుడు. బ్రిటన్‌లో 1993 చట్టం ప్రకారం రిజిస్టర్ కాకుండా ఆ పేరు పెట్టుకుంటే శిక్ష. మన దేశంలో బోర్డుల మీద కనిపిస్తున్నది ఈ రెండో రకమే. ఇంకో సంగతి, కైరోప్రాక్టిక్ అంటే ఇది కాదు. దాన్ని 1895లో డేనియల్ పామర్ అనే ఇంకొకాయన అమెరికాలో వేరేగా మొదలుపెట్టాడు.

ఏం చేస్తారు, దేనికి పనికొస్తుంది

ఆస్టియోపాత్ ముందు మాట్లాడతాడు. ఏం పని చేస్తారు, ఎలా కూర్చుంటారు, ఎప్పుడు నొప్పి వస్తుంది. తర్వాత చేత్తో చూస్తాడు. కండరం గట్టిపడిందా, రెండు వైపులా సమానంగా ఉందా, కీలు ఎంత కదులుతోంది, ఎక్కడ నొక్కితే నొప్పి. చికిత్సలో చాలా పద్ధతులున్నాయి. కండరాలను మెల్లగా వదులు చేయడం, కీలును నెమ్మదిగా తిప్పడం, పేషెంట్ తోస్తుంటే ఎదురు ఒత్తి పట్టడం, ఒక్కసారిగా చిన్న కుదుపు ఇవ్వడం. రీల్స్‌లో వినిపించే టిక్ ఈ చివరిది. ఎముక పక్కకు జరిగి మళ్లీ కూర్చున్న చప్పుడని చాలామంది అనుకుంటారు. కాదు. కీలులోని ద్రవంలో గ్యాస్ బుడగ ఏర్పడటం వల్ల వచ్చే చప్పుడది. మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ అదే. చప్పుడొస్తే తగ్గినట్టూ కాదు, రాకపోతే తగ్గనట్టూ కాదు.

పరిశోధనల్లో కొంత ఆధారం దొరికింది నడుం నొప్పికి. మెడనొప్పికి, మెడ బిగుసుకుపోవడం వల్ల వచ్చే తలనొప్పికి కొంతమందికి ఉపశమనం ఉంటుంది. అదీ వ్యాయామంతో కలిపి చేసినప్పుడు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు కూడా చేతి చికిత్స ఒక్కదాన్నే కాకుండా వ్యాయామంతో జతచేసే వాడమంటాయి. ఆస్తమా, షుగర్, బీపీ, పిల్లల చెవి ఇన్‌ఫెక్షన్లు ఆస్టియోపతితో నయమవుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. స్టిల్ చేసిన తప్పునే వాళ్లు ఇంకా చేస్తున్నట్టు.

మన జిల్లాలకు దీంతో పనేంటంటారా? నొప్పులతో బతికే పనులు ఇక్కడ ఉన్నన్ని ఇంకెక్కడున్నాయి! గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి బొగ్గుబాయిల్లో నడుం వంచి పనిచేసి రిటైరైనవాళ్లు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్‌లో ఒళ్లో చేట పెట్టుకుని తల వంచి రోజంతా బీడీలు చుట్టే అమ్మలు. సిరిసిల్లలో సాంచాల మధ్య పన్నెండు గంటలు నిలబడేవాళ్లు. ఆదిలాబాద్ చేలల్లో వంగి పత్తి ఏరేవాళ్లు. గల్ఫ్‌లో బరువులు మోసి వెన్ను అరగ్గొట్టుకుని ఇంటికొచ్చిన అన్నలు. వీళ్లలో ఎక్కువమంది మెడికల్ షాపులో నొప్పి గోలీ కొని మింగుతూ కాలం వెళ్లదీస్తున్నారు. ఆ గోలీలు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి. చేతులతో, వ్యాయామంతో నొప్పి తగ్గించడం తెలిసినవాళ్ల అవసరం ఉన్నది ఇక్కడే.

అదే చోట ప్రమాదమూ ఉంది. మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డ గౌడన్నను ఎవరూ అటూ ఇటూ తిప్పకూడదు, వెన్ను లాగకూడదు. కదలకుండా పలక మీద పడుకోబెట్టి కరీంనగర్ ప్రభుత్వ ఆస్పత్రికో, ఆదిలాబాద్ రిమ్స్‌కో తీసుకుపోవాలి. నడుం నొప్పితో పాటు రోజూ సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక టీబీ కావచ్చు. కాళ్లు మొద్దుబారడం, మూత్రం మీద పట్టు తప్పడం ఉంటే గంటల్లో సర్జన్ దగ్గరకు చేరాలి. ఎముకలు గుల్లబారిన ముసలివాళ్లకు కుదుపులు ఇస్తే విరుగుతాయి. మెడను బలంగా తిప్పితే మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం చిట్లే ప్రమాదం ఉంది. అరుదే, కానీ వస్తే పక్షవాతం. ఏ పేషెంట్‌ను ముట్టుకోకూడదో తెలియడం ఈ చదువులో సగం.

మరి చదువు సంగతి

ఇంటర్ బైపీసీ చదివినవాళ్లకు మన రాష్ట్రంలో దగ్గరి దారి బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నర నుంచి ఐదేళ్లు. వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ ఇస్తుంది. ఆస్పత్రులు, స్పోర్ట్స్ టీములు, పునరావాస కేంద్రాలు, సొంత క్లినిక్, అన్నింటికీ పనికొచ్చే డిగ్రీ. ఫిజియోథెరపిస్టు అయ్యాక చేతి చికిత్సల్లో ప్రత్యేక శిక్షణ తీసుకుంటే పునాది గట్టిగా ఉంటుంది. రెండోది బీఎన్‌వైఎస్, ప్రకృతి వైద్యం. ఐదున్నరేళ్లు. హైదరాబాద్‌లో ప్రభుత్వ గాంధీ నేచురోపతిక్ మెడికల్ కాలేజీ ఉంది. ఈ సిలబస్‌లో చేతులతో చేసే చికిత్సల కింద ఆస్టియోపతి, కైరోప్రాక్టిక్ కొంత చెబుతారు. పేరులోనే ఆస్టియోపతి ఉన్న డిగ్రీ కావాలంటే ఒడిశాలో కటక్ దగ్గరి శ్రీ శ్రీ యూనివర్సిటీ నడుపుతోంది. అమెరికా డీవో దారి వేరు. ముందు డిగ్రీ, తర్వాత ఎంక్యాట్ పరీక్ష, నాలుగేళ్ల కాలేజీ, ఆపైన రెసిడెన్సీ. ఫీజులు కోట్లలోకి పోతాయి. అప్పు చేసి వెళ్లేవాళ్లు వీసా నిబంధనలు ముందే చదువుకోవాలి.

ఇక శని, ఆదివారాల్లో చెప్పే సర్టిఫికెట్ కోర్సులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఆస్టియోపతి శిక్షణకు కొలమానాలు పెట్టింది. వైద్య నేపథ్యం లేనివాళ్లకు 4,200 గంటలు, అందులో కనీసం 1,000 గంటలు పర్యవేక్షణలో పేషెంట్లను చూడటం. ఏ సంస్థ బ్రోషర్ చేతికొచ్చినా మొదట గంటలు లెక్కపెట్టండి. తర్వాత ఆఫీసులో మూడు సంగతులు అడగండి. ఈ డిగ్రీ ఇచ్చేది ఏ యూనివర్సిటీ? పాసయ్యాక నా పేరు ఏ కౌన్సిల్‌లో రిజిస్టర్ అవుతుంది? ప్రాక్టీసు నేర్పే ఆస్పత్రి ఎక్కడుంది, అక్కడ రోజుకు ఎంతమంది పేషెంట్లు వస్తారు? మాటలతో సరిపెట్టుకోకుండా కాగితం మీద రాసిమ్మనండి. ఆ ఆస్పత్రికి ఒకరోజు చెప్పకుండా వెళ్లి, అవుట్ పేషెంట్ వరుసలో కాసేపు కూర్చుని రండి. ఫీజు కట్టడం ఆ తర్వాత.